చెడిన పన్ను, ఊడిన పన్ను: ఎంపిక చేసికొనుట ఎట్లు?

పన్ను పుచ్చినను, విరిగినను, ఊడినను మన వర్తక కుటుంబములలో మొట్టమొదట వచ్చు ప్రశ్న ఒకటే: “ఎంత అగును?” లాభనష్టములు చూచుకొను వారికి ఇది సహజమే. అయితే దంతవైద్యుడు చెప్పు ధరలో ఒక పద్దు సాధారణముగా చేరదు. ఆ పని చేయుటకు ఉన్న పన్నులో ఎంత భాగము అరగదీయుదురు, పక్కనున్న మంచి పళ్లలో ఎంత పోవును అనునదే ఆ పద్దు. పన్ను పైనుండు తెల్లని గట్టి పొరను ఎనామిల్ అందురు. విరిగిన ఎముక అతుకుకొనును, తెగిన చర్మము మానును. ఎనామిలును మాత్రము శరీరము మరల తయారు చేయలేదు. కావున దానిని మన ఖాతాలో అసలుగా వ్రాసికొనవలెను. సిమెంటు, తొడుగు, బ్రిడ్జి, ఇంప్లాంటు, కట్టుడు పళ్లు, ఇవన్నియు ఆ అసలు ఎంత ఖర్చగును అను లెక్కతోనే పోల్చి చూడవలసినవి.

దీనికి తోడు అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు: “ఇది పాడైనప్పుడు తరువాత ఏమి చేయుదురు?” ఏ సిమెంటు గాని, ఏ తొడుగు గాని జీవితాంతము ఉండునని ఎవరును హామీ ఇవ్వజాలరు. ముప్పదేండ్ల వయసున తొడుగు వేయించుకొన్నవారు డెబ్బదియవ ఏటికి ముందు దానిని రెండు మూడు మారులు మార్పించుకొనవలసి రావచ్చును. మార్చిన ప్రతిసారి పన్ను కొంత తరిగిపోవును. చిన్న పనితో మొదలుపెట్టినవారికి ముందు ఇంకను మెట్లుండును. పెద్ద పనితో మొదలుపెట్టినవారికి మిగులు మెట్టు పన్ను పీకించుకొనుటయే.

పుచ్చిన పన్ను

పుచ్చు చిన్నదైనప్పుడు సంగతి సులభము. ఇంకను రంధ్రము పడక, పన్నుపై సున్నపు మచ్చవలె తెల్లని చార మాత్రము కనబడు దశలో ఫ్లోరైడు పూతతోను, శుభ్రతతోను, మాటిమాటికి తీపి తినుట మానుటతోను దానిని ఆపవచ్చును. రంధ్రము పడి లోపలికి దిగిన తరువాత పూడ్పించుకొనవలెను.

మన పెద్దలు వెండి సిమెంటు అని పిలుచునది అమాల్గమ్. వెండి, తగరము, రాగి కలిసిన పొడిలో పాదరసము చేర్చి ముద్దగా చేసి నింపుదురు. బరువులో దాదాపు సగము పాదరసమే. గట్టిదనములో దానికి వంక పెట్టలేము. లోపమెక్కడనగా, అది పన్నుకు అంటుకొనదు. అడుగున వెడల్పు, పైన ఇరుకు అగునట్లు గుంట చెక్కి అందులో ఇరికించవలెను. పుచ్చు ఆవగింజంత ఉన్నను గుంట సెనగగింజంత కావలసినదే. ఇది కాక పాదరసము నీటికి, గాలికి చేయు చెరుపు ఉన్నది. 2013 లో కుదిరిన మినమాట ఒడంబడికలో దీని వాడుకను క్రమముగా తగ్గించుటకు దేశములు ఒప్పుకొన్నవి. వైద్యుడు తప్పనిసరియని తలచిననే తప్ప 15 ఏండ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు వాడరాదని 2022 లో తీర్మానించిరి.

ఇది చదివి, ఇరువదేండ్లుగా నోటిలో నెమ్మదిగా ఉన్న వెండి సిమెంటును తీయించుకొనుటకు ఎవరును పరుగెత్తవలదు. అంచు ఊడక, పక్కన పుచ్చు పట్టక ఉన్నదానిని పెకలించునప్పుడే పాదరసపు ఆవిరి ఎక్కువగా లేచును; దానితోపాటు కొంత మంచి పన్ను కూడ పోవును. నల్లగా కనబడుచున్నదను ఒక్క కారణముతో తీయించుకొనుట నా దృష్టిలో దండుగ ఖర్చు.

పన్ను రంగు సిమెంటు, అనగా కాంపొజిట్, వచ్చిన తరువాత గుంట చెక్కు పద్ధతియే మారిపోయినది. 1955 లో అమెరికాలో మైకేల్ బూనొకోర్ అనునతడు ఎనామిలుపై ఆమ్లము రాచినచో కంటికి కనబడని గరుకు ఏర్పడి, జిగురు దానికి గట్టిగా పట్టుకొనునని చూపెను. 1962 నాటికి రాఫెల్ బోవెన్ దానికి తగిన పదార్థమును సిద్ధపరచెను. అంటుకొను గుణముండుటచేత ఇప్పుడు పుచ్చినంత మేరకే తీసి నింపవచ్చును. ఎనామిలు మిగులుట దీని గొప్ప లాభము. తెల్లగా ఉండుట తరువాతి మాట. అయితే ఇది తడికి ఓర్వదు. అతికించు సమయమున ఉమ్మి గాని, చిగురు నెత్తురు గాని తగిలెనా, రెండు మూడేండ్లలో అంచున మరల పుచ్చు మొదలగును. అందుచేత పన్ను చుట్టూ రబ్బరు రేకు బిగించి పని చేయు వైద్యుని చూచి, సమయము వృథా చేయుచున్నాడని విసుగుకొనరాదు. ఆ అరగంటయే మీ డబ్బుకు కావలి.

పిల్లల పాలపళ్లకును, ముసలితనమున చిగురు దిగి వేరు అంచున పడిన పుచ్చులకును గ్లాస్ అయనోమర్ అను సిమెంటు బాగుండును. దీనిని ఇంగ్లండులో విల్సన్, కెంట్ అను శాస్త్రజ్ఞులు 1972 లో ప్రకటించిరి. ఇది తడిని కొంత ఓర్చును, ఫ్లోరైడును మెల్లమెల్లగా విడుచును. నమలు బలమునకు మాత్రము త్వరగా అరుగును.

తొడుగు

పన్నులో సగము పోయినప్పుడు, లేక రూట్ కెనాల్ చేయించిన తరువాత, “కాపు వేయవలెను” అని చెప్పుదురు. ఇక్కడ కొంచెము నిదానించి ఆలోచించవలెను.

రూట్ కెనాల్ అయిన దవడ పన్ను లోపల గుల్లగా ఉండును. నమలునప్పుడు దాని గోడలు చీలును. బండిచక్రమునకు ఇనుప పట్టా వేసినట్లు దానికి చుట్టు తొడుగు కావలెను. ముందు పన్నుకు ఈ అవసరము చాల సందర్భములలో ఉండదు. వెనుకవైపు చిన్న రంధ్రము చేసి రూట్ కెనాల్ ముగించి, పన్ను గోడలు గట్టిగా ఉన్నచో, సిమెంటుతో మూసి విడువవచ్చును. దవడ పన్నుకైనను అన్ని గోడలు అరగదీయక, బలహీనపడిన కొనలను మాత్రము కప్పు సగపు తొడుగును చేయవచ్చును. దానికి ఆన్లే అని పేరు. అడిగినవారికే దీనిని గూర్చి చెప్పుట కొన్నిచోట్ల చూచుచున్నాము. కావున అడుగుడు.

పూర్తి తొడుగునకై పన్నును చుట్టూ చెక్కినప్పుడు, చిగురుపైన కనబడు భాగపు బరువులో మూడింట రెండు వంతుల వరకు పోవచ్చునని 2002 లో ప్రకటించిన కొలతలలో తేలినది. అంత అసలు ఖర్చు పెట్టు పని, సిమెంటుతో నిలువగల పన్నుకు చేయించుట అనవసరము. నరము బ్రతికియున్న పన్నును అంతగా చెక్కినచో, కొన్ని పళ్లలో ఆ నరము కొన్నేండ్లకు చచ్చి, తొడుగునకే రంధ్రము చేసి రూట్ కెనాల్ చేయవలసి వచ్చును.

చక్రమునకు కర్ర ఉన్ననే పట్టా నిలుచును. అట్లే తొడుగు నిలువవలెనన్న చిగురుపైన చుట్టూ కనీసము ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల ఎత్తున గట్టి పన్ను మిగిలియుండవలెను. అది లేని మోడుపై లోపల పుల్ల దింపి, దానిపై సిమెంటు కట్టి, ఆపైన ఖరీదైన తొడుగు వేయించుకొన్నవారు కొన్నేండ్లకే వేరు నిలువునా చీలి వచ్చుచున్నారు. అట్టి పన్నుకు రూట్ కెనాల్, పుల్ల, తొడుగు అని మూడు ఖర్చులు పెట్టుటకంటె మొదటనే పీకించి వేరొక మార్గము చూచుట మేలు. “నా పన్నులో చుట్టూ ఎంత మిగిలినది?” అని అద్దములో చూపించుకొనుడు. చూపించుటకు వెనుకాడని వైద్యుడే మంచి వైద్యుడు.

ఏ పదార్థముతో తొడుగు చేయించవలెనను విషయము దీనంత ముఖ్యము కాదు. కనబడని దవడ పన్నుకు లోహపు తొడుగు నేటికిని మంచిదే. అన్నిటికంటె తక్కువ చెక్కుడుతో సరిపోవును. బంగారు మిశ్రమము ఎదుటి పన్నును అరగదీయక, అంచున చక్కగా అమరును గాని దాని నేటి ధరకు దానిని కోరువారు అరుదు. సందర్భము వచ్చినది గనుక చెప్పెదను: ఏ జబ్బు లేని ముందు పన్నుకు శోభ కొరకు బంగారు తొడుగు వేయించు పాత ముచ్చట వలన లోపలి పన్ను పుచ్చి పోయినవారు మన పెద్దలలో కొందరు కలరు. లోహముపై పింగాణీ పోసిన తొడుగులు పొదుపు; కొన్నాళ్లకు పింగాణీ పెచ్చులూడవచ్చును, చిగురు దగ్గర నల్లని గీత కనబడవచ్చును. జిర్కోనియా గట్టిది, తెల్లనిది. దీనికి ల్యాబువారు 10, 15 ఏండ్ల గ్యారంటీ కార్డు ఇచ్చుచున్నారు. సరుకు గ్యారంటీ చదువుట మనకు క్రొత్త కాదు: ఆ కార్డు తొడుగునకే గాని దాని క్రింది పన్నుకు వర్తించదు. పగిలిన తొడుగును ఉచితముగా మార్తురు. తొడుగు క్రింద పుచ్చిన పన్నును ఎవరు మార్చి ఇత్తురు? తొడుగు అంచున పాచి పట్టకుండ చూచుకొనుట మన చేతిలోని పని.

పెండ్లిండ్ల కాలములో యువతీయువకులు ముందు పళ్లపై పలుచని పింగాణీ రేకులు అతికించుకొనుట పరిపాటి అగుచున్నది. వంకరకు పళ్లు సర్దు తీగ కట్టించవచ్చును, పసుపుదనమునకు తెల్లబరచు మందు ఉన్నది. పెండ్లి రెండు వారములలో ఉన్నదని ఆరేడు మంచి పళ్లను చెక్కించుట, ఇరువదియైదేండ్ల వయసున జీవితాంతపు మరమ్మతు పద్దు తెరచుటయే. ఒక సంవత్సరము ముందు ఆలోచించినచో చెక్కుడు అక్కరలేదు.

ఊడిన పన్ను చోట

మొదటి ప్రశ్న ఏది పెట్టించుకొనవలెననునది కాదు, అసలు పెట్టించుకొనవలెనా అని. జ్ఞానదంతము పోయినచో ఆ చోటు పూరించనక్కరలేదు. చివరి దవడ పన్ను ఒక్కటే పోయినప్పుడు సైతము చాలమందికి నమలుటకు లోటుండదు. 1981 లో హాలండులో కెయ్సర్ అను ఆచార్యుడు తన పరిశీలనల వలన, ముందు పళ్లు అన్నియు, వెనుక నాలుగు జతల పళ్లు ఎదురెదురుగా కలియుచున్నచో పెద్దవయసువారికి ఆహారము నమలుటకు సాధారణముగా సరిపోవునని తెలిపెను. జపానులో 1989 లో మొదలైన ప్రచారమునకు లక్ష్యము ఎనుబదియవ ఏట 20 సొంత పళ్లు ఉండవలెననుటయే. 32 అని వారు పెట్టుకొనలేదు. అందుచేత చివరి పన్ను ఖాళీని చూపి తొందర పెట్టువారి మాట విని రాత్రి నిద్ర పాడుచేసికొననక్కరలేదు.

అన్ని ఖాళీలు ఇట్టివి కావు. పిన్న వయసులో మొదటి దవడ పన్ను పోయినచో పక్క పన్ను ఆ సందులోనికి ఒరుగును, ఎదుటి పన్ను క్రిందికి దిగును. కొన్నేండ్ల తరువాత పూరించవలెనన్నను చోటుండదు. అదికాక పన్ను పీకిన చోట దవడ ఎముక మొదటి సంవత్సరములోనే వెడల్పులో దాదాపు సగము కరగును; అందులో ఎక్కువ భాగము మొదటి మూడు నెలలలోనే. పూరించదలచినవారు పీకించుకొనుటకు ముందే ఆలోచన చేసికొనవలెను.

ఒక ఉదాహరణము తీసికొందము. బళ్లారిలోనో, బరంపురములోనో నలుబదియైదేండ్ల వస్త్రవ్యాపారి యున్నాడనుకొందము. క్రింది మొదటి దవడ పన్ను పీకవలసి వచ్చినది. ఆయనకు ఏది మంచిది?

ఆ ఖాళీకి రెండు పక్కల పళ్లు చెక్కు చెదరకున్నచో బ్రిడ్జి వేయించుట అసలును తినుటయే. ఒక పన్ను కొరకు రెండు మంచి పళ్లను చుట్టూ చెక్కవలసి యుండును. ఇంప్లాంటు పక్క పళ్లను ముట్టదు. అదే పక్క పళ్లకు ఇంతకు పూర్వమే పెద్ద సిమెంటులు గాని, తొడుగులు గాని ఉన్నచో లెక్క తిరుగబడును. వాటికి ఎట్లును తొడుగులు కావలెను. బ్రిడ్జితో రెండు పనులు ఒక ఖర్చులో జరుగును. పదేండ్ల లెక్కలు చూచినచో బ్రిడ్జిలలో గాని, ఒంటి ఇంప్లాంటుపై తొడుగులలో గాని నూటికి తొంబదికి దగ్గరగా నిలుచుచున్నవి. తేడా అంతయు పాడైనప్పుడు తెలియును. బ్రిడ్జి పాడైనచో తరచుగా దానిని మోయు పన్ను కూడ పోవును. ఒక ఖాళీ రెండగును. ఇంప్లాంటు పాడైనచో ఆ చోటి ఎముక పోవును గాని పక్క పళ్లు ఉండును.

ఆ వ్యాపారికి మధుమేహము అదుపులో లేకున్నను, గుట్కా, ఖైనీ, సిగరెట్టు అలవాటున్నను ఇంప్లాంటు మాట అప్పుడే ఎత్తరాదు. ముందు చక్కెర అదుపు, అలవాటు మానుట, చిగుళ్ల వైద్యము. ఎముకలు గుల్లబారుటకు మందు వాడువారు, ముఖ్యముగా ఏడాదికొకసారి సూదిమందు తీసికొను వృద్ధ స్త్రీలు, పన్ను పీకించుటకు ముందే ఆ సంగతి తప్పక చెప్పవలెను. ఆ మందుల వలన దవడ ఎముక మానక కుళ్లిన సందర్భములు కలవు. ఈ కారణముల చేతనో, డబ్బు కుదరకనో ఇంప్లాంటు వద్దనుకొన్నచో, తీసి పెట్టుకొను పన్ను ఉన్నది. మొదట కొంత అసౌకర్యముగా ఉన్నను అది ఏ పన్నును పెద్దగా చెక్కదు, రేపు మనసు మారినచో ఏ దారియు మూయదు. దానిని హీనముగా చూచుట న్యాయము కాదు.

పదునారేండ్ల పిల్లవానికి ఆటలో ముందు పన్ను పోయినచో ఇంప్లాంటు వేయరాదు. దవడ ఎదుగుచుండగా చుట్టు పళ్లు దిగివచ్చును, ఇంప్లాంటు మాత్రము ఉన్నచోటనే నిలిచిపోయి పొట్టిగా కనబడును. పక్క పన్ను వెనుకవైపు ఒక రెక్క అతికించి దానికి వ్రేలాడు పన్నును పెట్టు పద్ధతి కలదు. చెక్కుడు చాల స్వల్పము. ముందు పళ్లకు ఇది చక్కగా నిలుచును. పెద్దలకు కూడ ఇది పనికివచ్చును గాని ఏల ఎక్కువగా చెప్పరో తెలియదు. అన్నట్లు, దెబ్బకు పన్ను వేరుతో సహా ఊడి క్రిందపడినచో దానిని పారవేయవలదు. వేరును ముట్టక పై భాగమును పట్టుకొని, మట్టి ఉన్నచో పాలతోనో నీటితోనో ఒక్కసారి కడిగి, దాని గుంటలోనే మరల నిలిపి వైద్యునివద్దకు పరుగెత్తవలెను. నిలుపలేనిచో పాలలో వేసి తీసికొనిపోవలెను. అరగంటలో చేరినచో ఆ పన్నే బ్రతుకు ఆశ ఎక్కువ. పాలపన్నును మాత్రము ఇట్లు తిరిగి పెట్టరాదు.

ఇంప్లాంటు చరిత్ర చిన్నది. 1952 లో స్వీడనులో బ్రోనెమార్క్ అను పరిశోధకుడు కుందేళ్ల ఎముకలో అమర్చిన టైటానియము గొట్టము ఎముకతో కలిసిపోయి ఊడిరాకుండుట గమనించెను. 1965 లో మొదటిసారి మనిషి దవడలో ఆ మరలను బిగించెను. ఆ రోగికి అవి నలుబదేండ్లు పనిచేసినవి. ఇంత మన్నిక చూచి ఇంప్లాంటుకు జబ్బు రాదనుకొందురు. అది పుచ్చదు, నిజమే. పన్నుకు, ఎముకకు మధ్య ప్రకృతి ఉంచిన మెత్తని పట్టు దానికి లేదు. పాచి పేరుకొన్నచో చుట్టు చిగురు వాచి ఎముక కరగును. వేయించుకొన్నవారిలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఏదో ఒకనాటికి ఈ వ్యాధి కనబడుచున్నదని పరిశీలకుల అంచనా. ఆరు నెలలకొకసారి చూపించుకొను ఓపిక లేనివారు ఇంత ఖర్చు పెట్టరాదు.

ఒక జాగ్రత్త వర్తకులకు ప్రత్యేకము. మనము ఊళ్లు మారువారము. నేడు హోసూరులో వేయించుకొన్నవారు పదేండ్లకు షోలాపురములో ఉండవచ్చును. ఇంప్లాంటు తయారుచేసిన కంపెనీ పేరు, కొలత, బ్యాచి నంబరు గల కార్డు తీసికొని ఆస్తి కాగితములతో భద్రపరచుడు. ఒక చిన్న మర వదులైనప్పుడు దానికి సరిపోవు పనిముట్టు ఏదో తెలియక, గట్టిగా ఉన్న ఇంప్లాంటునే తవ్వి తీయవలసి వచ్చు సందర్భములు కలవు.

ఇక “ఒక్క గంటలో ఫిక్సుడు పన్ను, తక్కువ ధర” అని బజారులో బల్ల వేసికొని కూర్చున్నవారిని గూర్చి. వారు పక్క పళ్లకు తీగ చుట్టి, చిగురుపైననే ప్లాస్టిక్ ముద్ద పోసి గట్టిపరతురు. చూపునకు పన్ను వచ్చును. దాని క్రింద ఆహారము చేరి, శుభ్రపరచు దారి లేక చిగురు కుళ్లి, పట్టుకొమ్మగా ఉన్న రెండు మంచి పళ్లు కదలును. తక్కువ ఖర్చే కావలెనన్న ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నవి: చెన్నపట్టణములో, బెంగళూరులో, కటకములో, ముంబయిలో, హైదరాబాదులో. యానామువారికి పుదుచ్చేరిలో ప్రభుత్వపు దంతవైద్య కళాశాల కలదు. విద్యార్థులు అధ్యాపకుల ఎదుట చేయుదురు. నాలుగు మారులు తిరుగవలెను, కాని పని శాస్త్రీయము.

అన్ని పళ్లు పోయిన పెద్దలకు

పై దవడ కట్టుడు పళ్లు అంగిలిని పట్టుకొని నిలుచును. క్రింది సెట్టు నాలుక కదలినప్పుడెల్ల లేచును. ఎముక కరిగినకొలది ఇంకను వదులగును. “అమ్మ పళ్లు పెట్టుకొనదు, డబ్బాలోనే ఉంచును” అని కోడండ్రు చెప్పుట వింటిమి. ఆ తల్లి మొండితనము దీనికి కారణము కాదు. క్రింది దవడలో ముందువైపు రెండు ఇంప్లాంటులు వేసి, గుండీ వలె సెట్టును వాటిపై నొక్కిపెట్టు పద్ధతి ఉన్నది. 2002 లో మాంట్రియలులో సమావేశమైన నిపుణులు క్రింది దవడకు ఇదియే మొదటి ఎంపిక కావలెనని సూచించిరి. పండ్ల ముక్కలు, పప్పులు, రొట్టెలు నమలలేక గంజి మీద రోజులు వెళ్లదీయు వృద్ధులకు ఈ రెండు మరలు చేయు మేలు, ఇంటిలోని పడుచువారు నవ్వు కొరకు పెట్టు ఖర్చుకంటె ఎక్కువ. అది కుదరనిచో పాత సెట్టునకు లోపలి పొర మార్పించినను కొంత బిగువు వచ్చును.

రాత్రి సెట్టు తీసి నీటిలో ఉంచవలెను. పళ్లపొడి గీతలు పడవేయును గనుక సబ్బుతోను, మెత్తని బ్రష్షుతోను తోమవలెను. క్రింద నీటి గిన్నె పెట్టుకొని తోమినచో చేయి జారినను పగులదు.

ఎముక పొడి, జెలటిన్: మనము అడిగి తెలిసికొనవలసినది

ఇంప్లాంటు వేయుటకు ఎముక చాలనప్పుడు అక్కడ ఎముక పొడి నింపి, పైన పలుచని పొర పరతురు. విరివిగా వాడు ఈ పొడులలో ఒక రకము ఆవు ఎముకనుండి, పొరలలో ఎక్కువ భాగము పంది, ఆవు చర్మాదుల కొల్లాజనునుండి తయారగును. పన్ను పీకిన గుంటలో నెత్తురు ఆగుటకు పెట్టు స్పాంజి తరచుగా జెలటిన్‌తో చేసినది. చాల గొట్టపు మాత్రల పెంకులును అంతే. జీవితమంతయు ఆహారములో అహింసను పాటించిన మనిషి దవడలో, అతనికి చెప్పకయే ఇది చేరవచ్చును. వైద్యుని తప్పు పట్టుటకు లేదు. అడుగనివారికి ఆయన ఎట్లు చెప్పును? సంతకము పెట్టు పత్రములో “గ్రాఫ్టు” అని ఒక్క మాట ఉండును, దానిని ఎవరును విప్పి చదువరు.

ప్రత్యామ్నాయములు ఉన్నవి. కాల్షియము ఫాస్ఫేటుతో ప్రయోగశాలలో చేసిన పొడులు జంతు సంబంధము లేనివి. చిన్న, మధ్యరకపు లోట్లకు చక్కగా పనికివచ్చును. సొంత దవడలో మరియొక చోటినుండి కొంత ఎముక తీసి వాడవచ్చును. గాయము రెండుచోట్ల అగును గాని దానికి మించిన పదార్థము లేదు. పొరలలో కృత్రిమముగా చేసినవి దొరకును. నెత్తురు ఆపుటకు మొక్కల నారునుండి వచ్చు సెల్యులోజు గుడ్డ ఉన్నది. మాత్రలలో గొట్టములకు బదులు బిళ్లలు కోరవచ్చును. కొన్ని సందర్భములలో పొట్టి ఇంప్లాంటు వాడినచో ఎముక పొడియే అక్కరలేదు. పెద్ద లోటు ఉన్నప్పుడు మాత్రము కృత్రిమపు పొడి ఒక్కటే చాలకపోవచ్చును. అప్పుడు ఇంప్లాంటునే మానుకొని తీసి పెట్టుకొను పళ్లతో సరిపెట్టుకొనుట కూడ ఒక దారి. ఏది చేసికొన్నను తెలిసి చేసికొనవలెను. నియమము సడలించుకొనుటయో, గట్టిగా పట్టుకొనుటయో ఎవరికి వారు నిశ్చయించుకొనవలసినది. చికిత్సకు ఒక వారము ముందుగా వైద్యునితో మాటలాడినచో తగిన పదార్థము తెప్పించుటకు ఆయనకు వ్యవధి ఉండును.

సూర్యాస్తమయము తరువాత నీరు కూడ ముట్టనివారు పీకించుకొను పనిని ఉదయమే పెట్టుకొనవలెను. మొదటి దినము పుక్కిలింపరాదు, మెత్తని చల్లని ఆహారము తినవలెను, నొప్పి మాత్ర కడుపులో ఏదైన పడిన తరువాత వేసికొనవలెను; ఇవన్నియు పొద్దుండగానే ముగియవలెనన్న ప్రొద్దుటి పనియే మేలు. మందు ఎన్ని గంటలకొకసారి అనునది చీటీ వ్రాయుటకు ముందే నియమము చెప్పి సర్దించుకొనుడు. పర్యూషణ, దశలక్షణ దినములలో ఉపవాసము ఉండదలచినవారు, ముఖ్యముగా మధుమేహము గలవారు, ఆ వారములో ఈ పనులు పెట్టుకొనక, నొప్పి, వాపు లేనిచో పండుగ ముగిసిన పిమ్మట తేదీ తీసికొనవలెను. వాపు ఉన్నచో, జ్వరము వచ్చినచో ఒక్కదినము కూడ ఆగరాదు. దవడ వాపు గొంతులోనికి దిగినచో ప్రాణాపాయము.